నిండా గుంజు



నా ఉద్యోగం ఏమిటని ఎవరన్నా అడిగితే, కూర్చోవడం అని చెప్తుంటాను. సూరత్‌లో మహీధర్‌పురా వజ్రాల బజారు ఉంది. అందులో ఒక ఆఫీసు గుమ్మం పక్కన స్టూలు మీద నా చోటు. ఒళ్లో తుపాకి. కొత్తగా వచ్చేవాళ్లు ముందు తుపాకిని చూస్తారు, ఆ తర్వాత నన్ను చూస్తారు. రోజూ వచ్చేవాళ్లు రెండింటినీ చూడరు. పదకొండేళ్లయింది ఇలా. అంతకు ముందు పదిహేడేళ్లు ఫౌజులో చేశాను.

మాది సిరిసిల్ల దిక్కు. సాంచాల, అంటే మరమగ్గాల, పని వెతుక్కుంటూ నాయిన సూరత్ వచ్చినప్పుడు నేను చంకలో పిల్లవాణ్ణి. లింబాయత్‌లో ఒకే గదిలో ఏడుగురం ఉండేవాళ్లం. సూరత్ కార్పొరేషన్ నడిపే బళ్లలో గుజరాతీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మీడియం కూడా ఉంది. నేను అఆలు దిద్దింది అక్కడే. అందుకే ఈ పూట మీతో తెలుగులో మాట్లాడగలుగుతున్నాను. మాట మధ్యలో ఎక్కడన్నా గుజరాతీ తగిలితే మన్నించండి.

ఇన్నేళ్లూ నా దగ్గర ఉన్నది జోడు గొట్టాల తుపాకి. డీబీబీఎల్ అంటారు. రెండు తూటాలు వేస్తే రెండు పేలతాయి, తర్వాత మధ్యకు విరిచి మళ్లీ నింపుకోవాలి. కిందటేడు దాని ఎడమ గొట్టం మీట వదులైంది. బాగుచేసే మిస్త్రీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసి, స్ప్రింగు దొరకదని తేల్చేశాడు. సొంత తుపాకి ఉన్న గన్‌మన్‌కే ఇక్కడ జీతం. తుపాకి లేకపోతే నేను మామూలు చౌకీదారుని. కమిషనరాఫీసు చుట్టూ తిరిగి, అనుమతి కాగితం తెచ్చుకుని, పాతదాన్ని లైసెన్సున్న దుకాణంలో అప్పజెప్పి, చిట్టీ ఎత్తి కొత్తది కొన్నాను. మన సర్కారు ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలో చేసిన ట్వెల్వ్ బోర్ పంప్ యాక్షన్ గన్. మా గన్‌మన్‌లం దాన్ని వట్టి 'పంపు' అంటాం.

ట్వెల్వ్ బోర్ అంటే ఏమిటో నాకు ఫౌజులో ఎవరూ చెప్పలేదు. అక్కడ ఇన్‌సాస్ రైఫిలు, దాని లెక్క మిల్లీమీటర్లలో ఉంటుంది. ఇది పాతకాలపు లెక్క. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టేంత వెడల్పు గొట్టం ట్వెల్వ్ బోర్. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. పౌనుకు 16 గుండ్లు పోస్తే ఒక్కో గుండూ చిన్నదవుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. అంకె పెరిగేకొద్దీ గొట్టం తగ్గడం ఏమిటని గన్‌మన్‌లు చాలామంది తికమకపడతారు. సాలోళ్ల ఇంట్లో పుట్టినవాడికి ఆ బాధ లేదు. నూలు నంబరూ అంతే కదా! 840 గజాల చిలపలు పౌనుకు ఎన్ని తూగితే అది నూలు నంబరు. 40 కన్నా 80 సన్నం. తుపాకి గొట్టానికీ చీర పోగుకూ ఒకే తరాజు అని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో, చెప్పుకుందామంటే ఆ ఆఫీసులో వినేవాళ్లు లేరు. మీకు చెప్తున్నాను.

తుపాకి కాపలా మాత్రం నాతో మొదలు కాలేదు లెండి. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఈ సూరత్ రేవు నుంచే గోలకొండకు పోయాడు. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనులు చూసి, రాళ్లు కొని, అంతా పుస్తకం రాశాడు. ఈ దేశంలో పరువుగా ప్రయాణం చేయాలంటే ఇరవై ముప్ఫై మంది ఆయుధాలవాళ్లను వెంటబెట్టుకోవాలని, కొందరి దగ్గర విల్లంబులు, కొందరి దగ్గర తుపాకులు ఉంటాయని అందులో చెప్పాడు. ఆ తుపాకులవాళ్ల పేర్లు ఆయన రాయలేదు. అప్పుడు రాళ్లు మన దగ్గర, కొనేవాళ్లు సూరత్‌లో. ఇప్పుడు రాళ్లు ఎక్కడెక్కడి ఖండాల నుంచో వస్తాయి, సాన మాత్రం ఇక్కడే. మహీధర్‌పురా గల్లీలో స్కూటరు సీటు మీద కాగితపు పొట్లం విప్పి, పటకారుతో రాయి ఎత్తి ఎండలో చూసుకుంటారు. లక్షల సరుకు చొక్కా జేబులో పోతుంటుంది. దాని పక్కన నా స్టూలు.

ఈ పదకొండేళ్లలో గుమ్మం దగ్గర నేను ఒక్క తూటా పేల్చలేదు. అది మంచి సంగతే, ఎవరు కాదంటారు? కాని చేతులు మరిచిపోతాయి. నాకు తెలిసిన గన్‌మన్‌లలో, లైసెన్సు కోసం తీసుకున్న శిక్షణ తర్వాత మళ్లీ తుపాకి కాల్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లకు అది భుజాన వేసుకునే బరువు. పాత తుపాకి అంటే అలవాటు పడ్డ వస్తువు. కొత్తదాన్ని కాల్చి చూడకుండా గుమ్మంలో కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. సంక్రాంతి ముందు ఆదివారం, మా అక్క కొడుకును బండి వెనక ఎక్కించుకుని ఊరి బయట చాంద్‌మారీకి బయల్దేరాను. ఫౌజులో కాల్పుల మైదానాన్ని చాంద్‌మారీ అంటాం. ఇప్పటి పిల్లలు షూటింగ్ రేంజ్ అంటారు.

దారి పొడవునా మాంజా చుట్టేవాళ్లే. ఉత్తరాయణం పతంగులకు సూరత్ మాంజా అంటే గుజరాత్ అంతా గిరాకీ. రోడ్డు పక్కన గుంజలు పాతి, గులాబీ రంగు దారాన్ని అటూ ఇటూ లాగుతూ పూత పూస్తున్నారు. బండి మీద పోయేవాళ్ల మెడకు ఆ దారమే కత్తి. మావాడు నా వెనక తల వంచుకుని కూర్చున్నాడు. తుపాకిదేముంది, సంచీలో ఖాళీగా ఉంది. నిజం చెప్తున్నా, ఆ రోజు మొత్తం మీద నాకు భయం వేసింది ఆ దారాన్ని చూసే.

రేంజ్‌లో మాకు పక్క వరుసలో పదహారు పదిహేడేళ్ల పిల్లలు ట్రాప్ షూటింగ్ సాధన చేస్తున్నారు. మర నుంచి మట్టి పళ్లెం ఎగురుతుంది. దాని వెడల్పు 110 మిల్లీమీటర్లు, అంటే టీ సాసరుకన్నా చిన్నది. గాలిలో ఉండగానే దాన్ని పగలగొట్టాలి. వాళ్లవి ఒకదాని మీద ఒకటి గొట్టాలున్న తుపాకులు, నాజూకైనవి, నా ఏడాది జీతానికి కూడా రానివి. నా పంపును చూసి ఒక పిల్ల, "అంకుల్, దీంతో పోటీకి రానివ్వరు" అంది. ఎగతాళి కాదు, నిజమే చెప్పింది. ఒలింపిక్స్ నియమాల్లో ట్వెల్వ్ బోర్ వరకు అన్నిరకాల షాట్‌గన్‌లకు చోటుంది, ఒక్క పంపు తుపాకికి తప్ప. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టుకు బంగారు పతకం వచ్చింది కదా, ఆ ముగ్గురిలో మన హైదరాబాద్ కైనన్ చెనాయ్ ఉన్నాడు, విడిగా ఆయనకు కంచు పతకం కూడా దక్కింది. ఆ రోజు ఆఫీసులో అందరికీ చాయ్ నేనే తాగించాను. ఆ పిల్లకు ఆ సంగతి చెప్తే, "నాకు తెలుసు" అని మళ్లీ పళ్లేలు పగలగొట్టుకోవడానికి పోయింది.

పంపు తుపాకి పుట్టుక వేరు. 1882లో అమెరికాలో స్పెన్సర్ అనే ఆయన చేసిన తుపాకితో ఇది బజారుకెక్కింది. తర్వాత బ్రౌనింగ్ గీసిన నమూనాలతో వించెస్టర్ కంపెనీ 1893లో ఒకటి, 1897లో దానికన్నా గట్టిది చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు ఆ 1897 తుపాకితో కందకాల్లోకి దిగితే, ఇది యుద్ధ నియమాలకు విరుద్ధమని 1918లో జర్మనీ ఫిర్యాదు రాసింది. విషవాయువు మొదలుపెట్టినవాళ్ల నోట ఆ మాట రావడం చిత్రమే.

ఇక పని ఎట్లా చేస్తుందో చెప్తాను, కళ్లు మూసుకుని చేతులతో ఊహించుకోండి. గొట్టం కింద ఇంకో గొట్టం ఉంటుంది. తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. దాని మీద అటూ ఇటూ జారే పట్టు ఉంటుంది, ఎడమ చేయి అక్కడ. ఒకటి పేలింది. పట్టును వెనక్కి లాగుతాం. లోపల గడియ తెరుచుకుంటుంది, కాలిన తొడుగును కొక్కెం పట్టి బయటికి విసిరేస్తుంది, కింది గొట్టంలోంచి ఒక తూటా చిన్న పళ్లెం మీదికి జారుతుంది. పట్టును ముందుకు తోస్తాం. పళ్లెం లేస్తుంది, తూటా గొట్టంలో కూర్చుంటుంది, గడియ పడుతుంది. ఇదంతా రెప్పపాటు. మధ్యలో ఎక్కడా మరకు సొంత బలం లేదు, అంతా నా ఎడమ చేతి బలమే. మగ్గం మీద నాడె అటు పోయి ఇటు వచ్చినట్టే.

మావాడు ఆ 'చక్ చక్' శబ్దం కోసమే వచ్చాడు. సినిమాల్లో హీరో లేచినప్పుడొకసారి, డైలాగు చెప్పేముందొకసారి, తలుపు దగ్గరొకసారి చక్ చక్‌మనిపిస్తాడు.

"మామా, ఒక్కసారి అనిపించవా?" అన్నాడు.

"నింపి ఉన్నప్పుడు ఊరికే గుంజితే మంచి తూటా బయట పడ్తది అల్లుడా. మీ హీరో నాలుగుసార్లు అనిపిస్తే నాలుగు తూటాలు నేల మీద ఉంటయ్. ఇగ శత్రువుకేం చూపెడ్తడు, శబ్దమా?"

వాడికి కాల్చే వీలు లేదు. లైసెన్సులో పేరు లేని చేతికి తూటా ఇవ్వనని రేంజ్ చూసే సాహెబు ముందే చెప్పాడు. ఆయనా ఫౌజు మనిషే. మావాడికి ఖాళీ తొడుగులు ఏరి లెక్కపెట్టే పని అప్పజెప్పాం. రేపు ఎవరన్నా తూటాల లెక్క అడిగితే చూపాలి కదా. మొహం ముడుచుకున్నా, ఒక్కటి కూడా తప్పకుండా లెక్కపెట్టాడు.

చెవులకు మఫ్లు పెట్టుకున్నాను. ఈ తుపాకి చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క పేలుడు చాలు చెవికి చేటు చేయడానికి. మొదట నా బెల్టులో ఉన్న పాత తూటాలు తీశాను. ఏ కంపెనీవో అనవసరం. ఏళ్ల తరబడి నడుముకు ఉండి, సూరత్ వానాకాలాలూ నా చెమటా తాగినవి. ఇత్తడి అడుగు పచ్చబడింది. పదింటిలో ఒకటి ఉబ్బి గొట్టంలో పట్టనే లేదు. ఇంకొకటి పేలలేదు. 'టిక్' అన్నాక గురి మీంచి గొట్టం కదపకుండా అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. ఆ అర నిమిషంలో నాకు మహీధర్‌పురా గుమ్మం కళ్లముందు మెదిలింది. నేను ఇన్నేళ్లు అందరికీ చూపించిన ధైర్యంలో అయిదో వంతు ఉత్తదే.

కొత్తవి ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలు, కిందటి వారం కొన్నవి. మొదటిది పేల్చాను. భుజం మీద ఎవరో గునపం కర్రతో పొడిచినట్టయింది. రైఫిలు తన్ను వేరు, దీని తన్ను వేరు. ఇది నెట్టదు, గుద్దుతుంది. రెండు, మూడు బాగానే వెళ్లాయి. నాలుగోదానికి భుజం నొప్పి గుర్తొచ్చి చేయి బెదిరింది. పట్టును సగమే లాగి ముందుకు తోసేశాను. మీట నొక్కితే 'టిక్'. ఈసారి తప్పు తూటాది కాదు. కాలిన తొడుగు బయటికి పోకుండా మళ్లీ అదే గొట్టంలో కూర్చుంది.

"పూరా ఖీంచో, హవల్దార్!" అని సాహెబు వెనక నుంచి అరిచాడు. పూర్తిగా లాగు అని.

ఆ మాట నాకు కొత్త కాదు. సెలవులకు ఊరికి పోయినప్పుడు తాత గుంటమగ్గం మీద నన్ను కూర్చోబెట్టి నాయిన నేర్పించేవాడు. తాడు గుంజితే నాడె ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు పరుగెత్తాలి. భయంగా సగం గుంజితే పడుగు మధ్యలో ఆగిపోతుంది. చూసుకోకుండా పన్నె కొడితే నాడె మీద పడి పోగులు తెగుతాయి. ఒక్కసారి అట్లా ఇరవై ముప్ఫై పోగులు తెంపాను. నాయిన కొట్టలేదు. తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే అతికిస్తూ, "మెల్లగ గుంజుడు కాదురా, గట్టిగ గుంజుడు కాదు. నిండా గుంజు" అన్నాడు.

మావాడికి చెప్పాను. వాడు పనిచేసేది వాటర్ జెట్ మగ్గాల కార్ఖానాలో. అక్కడ నీటి ధారే పేకను మోసుకుపోతుంది. "నాడె అంటే ఏంది మామా?" అని అడిగాడు. పద్మశాలి ఇంటి పిల్లవాడు! ఏం చెప్పను? తుపాకి పట్టును వెనక్కి లాగి చూపించాను, ఇది అని.

తర్వాత పదిహేను తూటాలు, సగంలో ఆగింది ఒక్కటీ లేదు.

కాల్చడం అయ్యాక సాహెబు ఒక పని చేయించాడు. అదే లేకపోతే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకునేవాణ్ణి కాదు. పెద్ద తెల్ల కాగితాలు దూరదూరంగా కట్టించి, సన్నగుండ్ల తూటాతో ఒక్కోదాని మీద ఒక్కసారి కాల్చమన్నాడు. తర్వాత పోయి చేత్తో కొలిచాం. 10 మీటర్ల దగ్గర కాగితం మీద గుండ్లు జేన మీద నాలుగు వేళ్లంత మేర పడ్డాయి. 25 మీటర్ల దగ్గర మూడు జేనలు. అంచున పడ్డ నాలుగైదు చిల్లులు ఆ లెక్కలోకి కూడా రావు, అవి కాగితం కొసన ఉన్నాయి. నేను గురిపెట్టింది మధ్యలో ఉన్న రూపాయి బిళ్లంత చుక్కకు.

మహీధర్‌పురా గల్లీలో, సాయంత్రం నాలుగింటికి, మూడు జేనల మేరలో ఎంతమంది నిలబడతారో నాకు తెలుసు. ముగ్గురు, ఒక స్కూటరు, చాయ్ గ్లాసులు పట్టుకున్న ఒక పిల్లవాడు. దొంగ ఆ గుంపులోకి ఉరికాడంటే ఈ తుపాకితో నేను చేయగలిగింది ఏమీ లేదు. పెద్దగుండ్ల తూటా వేస్తే ఇంకా చేటు, అవి దొంగను దాటి చాలా దూరం పోతాయి. నేను పనికొచ్చేది గుమ్మం నుంచి మెట్ల దాకా, ఏడెనిమిది అడుగులు. అంతే నా రాజ్యం. ఈ లెక్క పదకొండేళ్ల కింద నాకు ఎవరన్నా చూపించి ఉండాల్సింది. ప్రతి గన్‌మన్‌నూ ఏడాదికొకసారి ఇట్లా కాగితం ముందు నిలబెట్టాలని నా మట్టుకు నాకు అనిపిస్తుంది. ఖర్చెంతవుతుంది? ఒక పెట్టె తూటాలు, ఒక ఆదివారం.

2016 వేసవిలో కశ్మీర్‌లో గుంపుల మీద కాల్చింది ఈ జాతి తుపాకులతోనే. అప్పుడు సీఆర్‌పీఎఫ్ అక్కడి హైకోర్టుకు ఒక లెక్క ఇచ్చింది. 32 రోజుల్లో సుమారు 13 లక్షల సన్నగుండ్లు. పేపర్లో చదివినప్పుడు అది నాకు వట్టి అంకె. రాళ్ల దెబ్బలు తిన్న జవాన్ల పక్షాన ఆలోచించే మనిషిని నేను, అక్కడ డ్యూటీ చేసినవాళ్లు నాకు దోస్తులు. అయినా ఆ రోజు కాగితం కొసన ఉన్న చిల్లుల్లో చిటికెన వేలు పెట్టి చూశాక, కళ్లు పోయిన పిల్లల ఫోటోలు గుర్తొచ్చాయి. ఆ పిల్లల్లో ఎంతమంది గురి మధ్యలో ఉన్నారు, ఎంతమంది కొసన ఉన్నారు?

తుపాకి చేతిలో ఉన్నవాడిని జనం ఇంకో పనికి కూడా పిలుస్తారు. లింబాయత్‌లో మావాళ్ల పెండ్లి ఊరేగింపు. డీజే, బ్యాండు అన్నీ అయ్యాక, "బావా, ఒక్కటి పైకి పేల్చు, శాన ఉంటది" అన్నారు. పైకి పోయింది కిందికి రాదా? పెద్దగుండయితే ఎవరి రేకుల కప్పు మీదనో పడుతుంది, ఎవరి నెత్తి మీదనో పడుతుంది. 2019లో ఆయుధాల చట్టం సవరించి, వేడుకల్లో కాల్పులకు రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో వేయవచ్చని రాశారు. నేను చట్టం చెప్తే బావ మూతి ముడిచాడు. కట్నం చదివింపుల పుస్తకంలో నా పేరు కూడా తప్పు రాశారు.

తిరిగొస్తూ తాపీ నది వంతెన దగ్గర పోంక్ తిన్నాం. చలికాలం సూరత్‌లో పచ్చజొన్న కంకుల్ని కాల్చి, దులిపి అమ్ముతారు. మన ఊచబియ్యమే. ఇక్కడివాళ్లు దాని మీద కారప్పూస, నిమ్మకాయ పిండుకుంటారు. నా కుడి చేయి పైకి లేవక ఎడమ చేత్తో తిన్నాను. మావాడు నవ్వాడు.

ఇంటికొచ్చాక తుపాకిని విప్పాను. కాల్చిన రోజే గొట్టం తుడవకపోతే, ఈ ఊరి సముద్రపు గాలికి తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. ఫౌజులో గొట్టం తుడిచే గుడ్డముక్కను చిందీ అంటాం. గుడ్డ కోసం ఇల్లంతా వెతికాను. దేశమంతటికీ బట్టలు పంపే ఊరు మాది, గల్లీ మలుపుల్లో కత్తిరింపులు కుప్పలు పోసి ఉంటాయి, మా ఇంట్లోనూ బస్తా నిండా ఉన్నాయి. అన్నీ పాలిస్టరే. ఒక ముక్క నూనెలో ముంచి గొట్టంలో లాగితే మసిని అటు ఇటు రుద్దిందే తప్ప ఒక్క చుక్క పీల్చలేదు. నూలు గుడ్డ కావాలి. మా ఆవిడ పెట్టె అడుగు నుంచి నాయిన పంచె ఒకటి తీసిచ్చింది. తాత మగ్గం మీద నేసింది. అంచు చిరిగి ఎన్నేళ్ల నుంచో అట్లాగే ఉంది.

"దీన్నా?" అన్నాను.

"పెట్టెల పెట్టుకుని ఏం జేస్తం?" అంది.

కొస నుంచి జేన ముక్క చింపాను. మావాడు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది ఏ నంబరు నూలు మామా?" అని అడిగాడు. నాడె తెలియనివాడు నంబరు అడిగాడు! నలభై అయి ఉంటుందన్నాను. గొట్టం ఒక కొసన వాణ్ణి పట్టుకోమని, రెండో కొస నుంచి నేను తాడు లాగాను. మొదటి ముక్క బొగ్గులా వచ్చింది. రెండోది బూడిద రంగులో. వాడు మూడోది చింపి తాడుకు తగిలిస్తూ, ఈసారి తను లాగుతానన్నాడు. తుడిచేదానికి లైసెన్సు అక్కర్లేదు కదా అని ఇచ్చాను. సగం దాకా లాగి ఆగాడు. నా మొహం వంక చూశాడు. మళ్లీ లాగాడు.

ముక్క తెల్లగా బయటికొచ్చింది.